బోర్లా, వెల్లకిలా

ఆ శనివారం నుంచి కాఫీ కప్పు పట్టుకుంటే నా చెయ్యి వణుకుతోంది. డాక్టరుకి చూపించుకోమని అందరూ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నారు. డాక్టరేం చేస్తాడు? జరిగింది చెబితే ఆయన చెయ్యీ వణుకుతుంది. నాకు రోగమేం లేదు. ఎవరూ చూడకూడనిది ఒకటి నా కళ్ళముందు జరగబోయి ఆగిపోయింది, అంతే. ఆగిపోయింది కదా అని గుండె ఊరుకోవడం లేదు. అది జరిగినట్టే కొట్టుకుంటోంది.

ముందు వెర్లిన్ సంగతి చెప్పాలి. వెర్లిన్ సోరమ్ నా స్నేహితుడు. మొన్న ఫిబ్రవరిలో పోయాడు. మా ఊరి ధాన్యం గోదాములో ఇద్దరం కలిసే పనిచేశాం, కలిసే రిటైరయ్యాం. ఊరి బయట పాత కంకర గుంటలో ఉన్న షూటింగ్ క్లబ్బుకి కూడా కలిసే వెళ్ళేవాళ్ళం. వాడంత నెమ్మదైన మనిషిని నేను చూడలేదు. వాడంత విసిగించే మనిషినీ చూడలేదు. రోడ్డు దాటడానికి రెండు పక్కలా చూసి, దాటాక వెనక్కి తిరిగి మళ్ళీ చూసే రకం.

వాళ్ళ ముత్తాత ఒకప్పుడు రైల్లో టపా సంచులకి కాపలా ఉండేవాడట. ఆయన నడుముకి వేలాడిన రివాల్వర్ చేతులు మారుతూ వెర్లిన్ దాకా వచ్చింది. మధ్యలో విరిచి తెరిచే పాత రకం అది. తెరవగానే లోపలున్న ఆరు తూటాలూ ఒక్కసారి ఎగిరి బయట పడతాయి. చిన్నపిల్లలకి అది చూడటం మహా సరదా. దానికి సరిపోయే తూటాలు ఇప్పుడు దుకాణాల్లో దొరకవు. ఎక్కడైనా పట్టే తూటా దొరికినా, పట్టింది కదా అని పేల్చేస్తే అంతే సంగతులు. ఈ కాలపు మందు దెబ్బకి ఆ కాలపు ఇనుము ఆగదు.

అందుకని తూటాలు ఇంట్లోనే నింపుకోవాలి. పేల్చేసిన ఇత్తడి కుప్పెని శుభ్రం చేసి, దాని అడుగున ప్రైమర్ అనే నిప్పు బిళ్లని కొత్తది బిగించి, కొలిచిన మందు పోసి, మూతి మీద సీసం గుండు కూర్చి ప్రెస్సులో నొక్కాలి. వినడానికి దోసకాయ ఊరగాయ సీసాలు నింపినంత సులువుగా ఉంటుంది. కానీ ఊరగాయలో ఉప్పు రెండుసార్లు పడితే పారబోస్తాం. ఇక్కడ మందు రెండుసార్లు పడితే తుపాకీ చేతిలోనే పేలుతుంది. వేళ్ళు పోతాయి, కళ్ళు పోతాయి, పక్కన నిలబడ్డవాడి మొహమూ పోతుంది.

ఆ రివాల్వర్‌కి తగిన కొలత పట్టుకోవడానికి వెర్లిన్‌కి రెండు చలికాలాలు పట్టింది. ముందు దాన్ని పక్క ఊళ్ళో తుపాకులు బాగుచేసే మనిషి దగ్గరికి తీసుకెళ్ళి, ఎక్కడైనా పగులుందా, కీలు వదులైందా, తూటాలు కూర్చునే సిలిండర్ తిరిగినప్పుడు ప్రతి గదీ బ్యారెల్‌కి సూటిగా నిలుస్తోందా అని చూపించాడు. తర్వాత మెత్తటి సీసం ముక్కని కర్రతో బ్యారెల్లోంచి నెట్టి, బయటపడిన ముక్కని కొలిచి, ఆ కొలతకే గుండ్లు పోతపోశాడు. సిలిండర్లోని గదులన్నీ విడివిడిగా కొలిచాడు. పాత తుపాకులకని పరీక్షించి అచ్చువేసిన పట్టికల్లో అన్నిటికంటే తక్కువ కొలత ఏదో దానితో మొదలుపెట్టాడు. కాసిని తూటాలు పేల్చడం, ఖాళీ కుప్పెల్ని ఎండకి తిప్పి తిప్పి చూడటం, ఎక్కడైనా ఉబ్బిందా, బిళ్ల చితికిందా అని వెతకడం, ఇంటికెళ్ళిపోవడం. మళ్ళీ వారం దాకా ఆ ఊసు లేదు. ఇంత చలిలో నన్ను తోడు లాక్కొచ్చి ఇదేం పెళ్ళిచూపులురా, ఇంకాస్త పోస్తే నీ సొమ్మేం పోయింది అని ఒకసారి కసిరాను.

"గుండు బయటికొచ్చి గురి పెట్టిన రేకుకి తగిల్తే చాలు నోరిస్. ముసలాణ్ణి నడిపించాలిగానీ పరిగెత్తించకూడదు" అన్నాడు. రేకుకి టంగుమని తగిలిన రోజున ఆపేశాడు. ఇంకో గింజ కూడా పెంచలేదు.

ఆ విషయంలో నాకూ వాడికీ ఒక్కటే తగువు. ఆ రివాల్వర్ పుట్టిన కాలంలో వాడింది పాత పొగమందు. దాన్ని కుప్పె నిండా పోయాలి. పొరపాటున రెండోసారి పోస్తే పొర్లిపోతుంది కాబట్టి కళ్ళు లేనివాడికి కూడా తెలుస్తుంది. వెర్లిన్ చాలాకాలం అదే వాడాడు. కానీ అది పేల్చాక తుపాకీని వేడినీళ్ళతో కడగాలి. వాడు వంటింటి సింకులో కడిగేవాడు. కుళ్ళిన గుడ్ల కంపు ఇల్లంతా కొట్టేది. వాడి భార్య ఆర్డిస్ ఊరుకుంటుందా? సింకు కావాలో భార్య కావాలో తేల్చుకోమంది. దాంతో పొగ రాని కొత్త మందుకి మారాడు. అది చిటికెడు చాలు. కుప్పె అడుగున ఎక్కడో పడి ఉంటుంది. రెండు చిటికెలు పడినా పైకి తెలీదు. నాకు ఆ మందు అంటే మొదట్నుంచీ పడదు. ఆ మాట వాడితో వంద సార్లు అన్నాను.

అందుకే వాడు తనకి తాను సంకెళ్ళు వేసుకున్నాడు. నేలమాళిగలో వాడి పనిబల్ల మీద ఒక మందు డబ్బా తప్ప రెండోది ఉండకూడదు. రేడియో ఉండకూడదు. నేనున్నా మాట్లాడకూడదు. చిల్లుల చెక్కలో ఖాళీ కుప్పెలన్నీ బోర్లించే ఉండాలి. ఒకటి తీసి, పిడి ఒకసారి లాగితే ఒక కొలత మందు రాల్చే యంత్రం కింద పట్టి, మందు పోసి, అప్పుడు మూతి పైకి పెట్టి నిలబెట్టాలి. అంటే వెల్లకిలా ఉన్నదంటే పోసినట్టు, బోర్లా ఉన్నదంటే పోయనట్టు. ఒక సిలిండరుకి సరిపడా ఆరు పోశాక, టార్చి వేసి ఒక్కొక్కదాని కడుపులోకి చూసి, వెంటనే గుండ్లు నొక్కి మూసేయాలి. పోసినవాటిని తెరిచి వదిలి లేవకూడదు, ఇల్లు తగలబడినా సరే. మా క్లబ్బులో డ్వేన్ క్వామ్ అనే వాగుడుకాయ ఉన్నాడు. వాడు ఒకసారి అక్కడికొచ్చి ఒక కుప్పెని తీసి చూసి తిరగేసి పెట్టినందుకు, వెర్లిన్ నోరెత్తకుండా చెక్కలో ఉన్న మందంతా డబ్బాలోకి ఒంపేసి మొదట్నుంచీ మళ్ళీ పోశాడు. డ్వేన్‌ని ఆ తర్వాత మెట్లు దిగనివ్వలేదు.

మూడింటికి ఆర్డిస్ మెట్ల మీద నిలబడి కాఫీకి పిలిచేది. "పోసినవి మూసి వస్తా" అని కిందనుంచి జవాబు. కాసేపాగి మళ్ళీ పిలుపు, మళ్ళీ అదే జవాబు. వాడు పైకొచ్చేసరికి కాఫీ చల్లారిపోయేది. వాళ్ళ సంసారంలో కొట్లాట అంటూ ఉంటే అది ఒక్కటే.

క్లబ్బు గది గోడకి తెల్లరంగు వేసిన చెక్క ఒకటి వేలాడుతుంది. దాని మీద వెర్లిన్ తన చేత్తో రాసిన మాట ఇంకా ఉంది: 'ఒకరు నింపిన తూటా ఇంకొకరు పేల్చకూడదు. నేను నింపినదైనా సరే.' ఇళ్ళల్లో తూటాలు నింపుకునేవాళ్ళందరికీ ఇది తెలిసిన కట్టుబాటే. వెర్లిన్ కాబట్టి తనని కూడా కలుపుకున్నాడు.

వాడి సంస్మరణ భోజనం చర్చి కింద హాల్లో పెట్టారు. మా ఊళ్ళో ఎవరు పోయినా ఆ హాల్లో కాఫీ పోసేది ఆర్డిసే. ఆ రోజు కూడా కూర్చోమంటే కూర్చోలేదు. సొంత మొగుడి సంస్మరణకి కాఫీ కూజా పట్టుకుని బల్లల మధ్య తిరిగింది. మా చర్చిలో కప్పులు సాసర్లలో బోర్లించి పెడతారు. కావలసినవాడు వెల్లకిలా తిప్పుకుంటే ఆవిడ వచ్చి పోస్తుంది. నేను తిప్పుకోలేదు. మింగుడుపడేట్టు లేదు నాకు. ఆవిడే నా కప్పు తిప్పింది.

"వెల్లకిలా ఉన్న కప్పు ఖాళీగా కనబడితే నా చెయ్యాగదు నోరిస్, నీకు తెలుసుగా" అంటూ పోసింది.

తర్వాత నా పక్కన కాసేపు కూర్చుని వెర్లిన్ చివరి రోజు సంగతి చెప్పింది. అప్పటికే ఊళ్ళో చాలామందికి చెప్పిందట. ఆ రోజు పిలవగానే వచ్చేశాడని, వేడివేడి కాఫీ ఇద్దరూ కలిసి తాగారని, చాలాకాలం తర్వాత తన చెయ్యి పట్టుకుని కూర్చున్నాడని, అలా కూర్చున్న కుర్చీలోనే కాసేపటికి తల వాల్చేశాడని. చెబుతుంటే ఆవిడ మొహంలో ఏడుపుతో పాటు ఒక వెలుగు కూడా ఉంది. ఆ ఒక్క మధ్యాహ్నాన్ని పట్టుకుని ఆవిడ ఈ రోజులన్నీ నెట్టుకొస్తోందని నాకు అర్థమైంది. అంతకు మించి ఏమీ అర్థం కాలేదు. అర్థం కావలసింది.

మే మొదటి శనివారం మా క్లబ్బు తెరుస్తాం. ఆ ఏడాదికి మొట్టమొదటి ఆరు దెబ్బలూ ముత్తాత రివాల్వర్‌తో వెర్లిన్ వేసేవాడు. గుంట అవతల గట్టుకి వేలాడదీసిన ఇనుప రేకు ఆరుసార్లు మోగితే అందరం చప్పట్లు కొట్టి కాఫీ తాగేవాళ్ళం. ఈసారి ఆ ఆరూ వాడి కూతురు జెనెల్ వెయ్యాలని అందరం అనుకున్నాం. జెనెల్‌కి బజార్లో జుట్టు కత్తిరించే దుకాణం ఉంది. ఊళ్ళో సగం తలలు దాని చేతి కిందనే ఉంటాయి, నాది కూడా. మిగిలిన నాలుగు వెంట్రుకలకి పేర్లు పెట్టుకున్నావా అంకుల్ అని ప్రతిసారీ అడుగుతుంది. చిన్నప్పట్నుంచీ ఆ రివాల్వర్‌తో తండ్రి పక్కన నిలబడి నేర్చుకుంది కాబట్టి దాని చెయ్యి గురించి ఎవరికీ అనుమానం లేదు.

ఆ రోజు కాల్పుల దగ్గర పెద్దరికం నాది. ఎవరు ఎప్పుడు పేల్చాలో, ఎప్పుడు ఆపాలో నేను చెప్పాలి. ఆర్డిస్ గిన్నెలు తుడిచే కొత్త గుడ్డలో చుట్టి ఒక చిన్న డబ్బా తెచ్చింది. గుడ్డ విప్పి, వెర్లిన్ ఆఖరి ఆరు తూటాలు ఇవేనని, జెనెల్ వీటితోనే వెయ్యాలని చెప్పింది. నా చూపు గోడ మీద చెక్కకి పోయింది. జెనెల్ కోసం పొగమందుతో నేను నింపిన తూటాలు నా ట్రక్కులో ఉన్నాయి. ఆ లెక్కన అవీ కూడదు, కానీ కనీసం పొగమందు రెండుసార్లు పట్టదు. వాటితో వేయిద్దామని గొణిగాను. ఇవి వెర్లిన్ నింపినవేనా అని కూడా అడిగాను.

"ఆయన బల్ల మీదివే. ఆయన కొలతే, ఆయన పోతపోసిన గుండ్లే. ఇంకెవరివనుకున్నావు?" అంది ఆర్డిస్.

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. డ్వేన్‌కి మాత్రం నన్ను దులపడానికి సందు దొరికింది.

"పోయినవాణ్ణి కూడా తనిఖీ చేస్తావా నోరిస్? స్వర్గం గుమ్మం దగ్గరికెళ్ళి కాగితాలు అడిగేట్టున్నావు" అన్నాడు.

అందరూ నవ్వారు. ఆర్డిస్ నవ్వలేదు, నా వైపే చూస్తోంది. వద్దంటే వెర్లిన్ మీద నాకు నమ్మకం లేదని అందరిముందూ చెప్పినట్టవుతుంది. ఉందనే అనుకున్నాను. ప్రపంచంలో ఒక మనిషి నింపిన తూటాని నేను కళ్ళు మూసుకుని పేల్చగలనంటే ఆ మనిషి వెర్లిన్. సరే కానివ్వండి అన్నాను. చెక్క మీద 'నేను నింపినదైనా సరే' అన్న అక్షరాలు నన్ను చూస్తూనే ఉన్నాయి. అటు చూడటం మానేశాను.

జెనెల్ గీత దగ్గర నిలబడింది. అందరం దాని వెనక దూరంగా నిలబడి చప్పుడు ఆపే మూతలు చెవులకి తగిలించుకున్నాం. అది రివాల్వర్ తెరిచి ఆరు తూటాలూ ఒక్కొక్కటే పెట్టి మూసింది. తల ఒకసారి ఆకాశంకేసి ఎత్తింది, బహుశా తండ్రి కోసం. నేను మొదలుపెట్టమని చెప్పాను. అది చెయ్యి చాపింది.

అప్పుడు ఆర్డిస్ నా పక్కకి వచ్చి, నా చెవి మీద మూత కొంచెం పక్కకి లాగింది. ఈ టైములో ఇదేం పనని కోపంగా చూశాను. ఆవిడ మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగిపోతోంది.

"నీకొక్కడికే చెప్తున్నా. అది పేల్చాక దానికీ చెప్తాను. ఆ ఆరూ పూర్తిచేసింది నేనే నోరిస్. ఆయన పోయిన వారానికి కిందికి దిగాను. చెక్కలో అన్నీ బోర్లించున్నాయి. ఆరు మాత్రం వెల్లకిలా పెట్టి ఉంచాడు, పొయ్యమన్నట్టు. పాపం సిద్ధం చేసుకుని, పొయ్యకుండానే నాకోసం పైకొచ్చేశాడు. ఆ యంత్రం పిడి ఒక్కోదానికి ఒక్కసారి లాగాను, పైన గుండు పెట్టి నొక్కాను. ఎన్నేళ్ళు మెట్ల మీంచి చూశానో. ఒక్కదాంట్లో కూడా పొర్లలేదు" అంది.

ఒక్కదాంట్లో కూడా పొర్లలేదు. ఆ మాట నా తలలోకి దిగడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఆరు వెల్లకిలా ఉన్నాయి. అంటే ఆరింటిలోనూ మందుంది. దాని మీద మళ్ళీ మందు. ఎదురుగా జెనెల్ బొటనవేలు రివాల్వర్ వెనకున్న సుత్తి మీద ఆనింది. నేను ఆపమని అరిచాను. అరిచానని అనుకున్నాను, గాలి తప్ప గొంతు రాలేదు. జెనెల్ వేలు ఆ సుత్తిని వెనక్కి లాగడం మొదలుపెట్టింది.

"ఆపు!"

రెండోసారి వచ్చిన ఆ గొంతు నాది కాదేమో అనిపించింది. మా దగ్గర ఆ మాట ఎవరన్నా, ఎందుకన్నా, విన్నవాళ్ళు ముందు ఆగాలి, కారణం తర్వాత అడగాలి. వెర్లిన్ దానికి నడక నేర్పినట్టు అది నేర్పాడు. జెనెల్ ఆగిపోయింది. సుత్తిని మెల్లగా మొదటి చోటికి దింపి, గట్టువైపు గురి తప్పకుండా రివాల్వర్‌ని అలాగే పట్టుకుని నిలబడింది. తెరవమన్నాను. తెరిచింది. ఆరు తూటాలూ ఎగిరి తడిగడ్డిలో పడ్డాయి. నేను మోకాళ్ళ మీద కూలబడి వాటిని ఏరడం మొదలుపెట్టాను. ఐదు దొరికాయి. ఆరోది గడ్డిని వేళ్ళతో దువ్వితే గానీ దొరకలేదు. వెనక డ్వేన్ ఏదో జోకు మొదలుపెట్టి, నా మొహం చూసి మానేశాడు.

జెనెల్‌కి మాత్రం మండిపోయింది. ముందే వద్దనాల్సింది, అమ్మ ముందు ఇదేం వేషమని లోపలికి నడుస్తూ నన్ను కడిగేసింది. ఆర్డిస్‌కి ఏమీ అర్థం కాలేదు. నేనేం తప్పన్నాను అని డ్వేన్‌ని అడుగుతూ మా వెనకే వచ్చింది. తూకం చూశాకే చెబుదామనుకున్నాను. నా అనుమానం తప్పు కావాలని, ఊరంతా నన్ను చూసి నవ్వాలని అంత గట్టిగా ఎప్పుడూ కోరుకోలేదు.

క్లబ్బు గదిలో వెర్లిన్ ఇచ్చిన సామాను ఒక బల్ల మీద ఉంటుంది. అందులో తూటా విప్పే ప్లాస్టిక్ సుత్తి ఒకటి. తూటాని దాని తలలో బిగించి మొద్దు మీద కొడితే, ఆ కుదుపుకి గుండూ మందూ ఊడి లోపల పడతాయి. పక్కనే వాడి పాత తక్కెడ. దాని కాడ మీద జరిపే ముల్లు ఆ రివాల్వర్ కొలత దగ్గరే ఉంది, వాడు పెట్టిందాన్ని ఎవరూ కదపలేదు. వాడి కొలత నాకు కంఠతా వచ్చు. ఆ కొలత దగ్గరే ఉందని రెండుసార్లు చూసుకున్నాను.

మొదటి తూటా బిగించి కొట్టాను. మూడో దెబ్బకి గుండు ఊడింది. మందుని తక్కెడ పళ్ళెంలోకి జాగ్రత్తగా ఒంపాను. పళ్ళెం ఠక్కున కింద కూర్చుంది. మళ్ళీ లేవలేదు. జెనెల్ నా భుజం మీంచి చూస్తోంది. నేను ముల్లుని జరుపుతూ పోయాను. వెర్లిన్ కొలతకి సరిగ్గా రెండింతల దగ్గర పళ్ళెం లేచి నిలబడింది.

జెనెల్ సుత్తి నా చేతిలోంచి తీసుకుంది. రెండోది విప్పింది, మూడోది విప్పింది. అన్నిటికీ పళ్ళెం అక్కడే నిలిచింది. ఆఖరిదాని దగ్గరికి వచ్చేసరికి మొద్దు మీద కొట్టడానికి దానికి చెయ్యి రాలేదు. డ్వేన్ తీసుకుని విప్పాడు. డ్వేన్ నోరు మూసుకుని నిలబడటం చూసి నాకు ఇంకా భయం వేసింది.

ఆర్డిస్ గుమ్మంలోనే నిలబడి ఉంది. తక్కెడ పాతది కదా, పాడైందేమో అంది. గదిలో రెండో బల్ల మీద ఆవిడే పొద్దున్నే తెచ్చి పెట్టిన కాఫీ కప్పులు వరసగా సాసర్లలో బోర్లించి ఉన్నాయి. నాకు నోటితో చెప్పడానికి ధైర్యం చాలలేదు. ఒక కప్పు తీసి వెల్లకిలా తిప్పి ఆవిడకి కనబడేట్టు సాసర్లో పెట్టాను.

"నీకు ఇలా ఉంటే పొయ్యాలని అర్థం ఆర్డిస్. వాడికి ఇలా ఉంటే పోసేసినట్టు. ఖాళీవి బోర్లిస్తాడు" అన్నాను.

ఆవిడ ఆ కప్పుని చూసింది. తక్కెడ పళ్ళేన్ని చూసింది. తర్వాత జెనెల్ చేతుల్ని చూసింది. చూసిన క్షణాన ఆవిడ మొహంలో రక్తం అంతా దిగిపోవడం నేను చూశాను. పడిపోతుందేమోనని డ్వేన్ కుర్చీ తోశాడు. ఆవిడ కూర్చుని జెనెల్ కుడిచేతిని తన రెండు చేతుల్లోకి లాక్కుంది. ఆ వేళ్ళని ఒక్కొక్కటే విప్పి, మళ్ళీ మూసి, మళ్ళీ విప్పింది. నీకిద్దామని చేశానే, నాన్నది సగంలో ఉండిపోకూడదని చేశానే అని గొణుగుతోంది. జెనెల్ నేల మీద మోకాళ్ళేసి కూర్చుని, ఏం కాలేదమ్మా, ఏం కాలేదుగా అంటోంది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. దాచుకోలేదు కూడా.

ఇక గండం గడిచిందనే అనుకున్నాను. ఎవరో బయట అడుగుతున్నారు, ఈ రోజు కాల్పులు ఉన్నాయా లేవా అని. డ్వేన్ వెళ్ళి లేవని చెప్పొచ్చాడు. ఆర్డిస్ ఏడుపు మెల్లగా తగ్గింది. కూతురి చెయ్యి వదలకుండా, బల్ల మీద నేను తిప్పిపెట్టిన కప్పుకేసి చాలాసేపు చూసింది. ఉన్నట్టుండి ఆవిడ నొసలు ముడిపడింది.

"అయితే పోసేసే పైకొచ్చాడా?" అంది.

నాకు అప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదు. తూటాల మీద పడి, వాటిని పోసిన మనిషిని మర్చిపోయాను.

"అవును" అన్నాను.

"మూయకుండా?"

ఇల్లు తగలబడినా మూయకుండా లేవనివాడు. వాడి జీవితమంతా నాకు తెలుసు. ఆరు పోసి, టార్చి కూడా వెయ్యకుండా, గుండు ఒక్కటి కూడా నొక్కకుండా ఆ బల్ల దగ్గర్నుంచి లేచాడంటే, కిందనే మొదలైందన్నమాట. గుండెలోనో భుజంలోనో నొప్పి అక్కడే మొదలైంది. పోసినవి మూసి వస్తా అని అనలేకపోయాడు. ఆ మెట్లన్నీ ఎలా ఎక్కాడో. చెయ్యి పట్టుకున్నది అందుకే. జెనెల్ తల్లి మొహంలోకి చూసి తనకీ అర్థమై, అమ్మా వద్దు అంది.

ఆర్డిస్ వినలేదు. మమ్మల్ని ఎవర్నీ చూడటం లేదు.

"మొదటి పిలుపుకే వచ్చాడు. ఈ రోజైనా నా మాట విన్నాడని ఎంత సంబరపడ్డానో. మొహం తెల్లగా ఉంటే కింద చలేమో అనుకున్నాను. చెయ్యి అంత గట్టిగా పట్టుకుంటే... ఇంకోటి తాగమని మళ్ళీ పోశాను నోరిస్. ఆయన కప్పు ఖాళీగా ఉంటే, నేను మళ్ళీ పోశాను" అంది.

జెనెల్ ఆవిణ్ణి గట్టిగా పట్టుకుంది. నేను బల్ల దగ్గరికెళ్ళి, తిప్పిపెట్టిన ఆ ఒక్క కప్పునీ బోర్లించాను. అది సాసరుకి తగిలి గణగణమని చాలాసేపు మోగింది, నా చెయ్యి అప్పటికే వణుకుతోంది.